మందును నేరుగా గుండె ధమనిలోకే పంపితే పూడిక కరగదా?

బరంపురం మాస్టారు, సోమవారం రాత్రి 8.40

సభ్యులందరికీ నమస్కారం. మా బావమరిదికి యాభై ఎనిమిదేళ్లు. గత నెల విశాఖపట్నంలో ఆయన గుండె ధమనికి స్టెంటు, అంటే దారి తెరిచి ఉంచే లోహపు జల్లెడ గొట్టం, వేశారు. ఇక్కడి నుంచి విశాఖకు రైలులో సుమారు 280 కిలోమీటర్లు. ఆ రాత్రి ప్రయాణం ఎలా గడిచిందో ఇప్పుడు చెప్పను. ఇంటికి చేరిన నాటి నుంచి పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ ఏదో ఒక వైద్యం చెప్పి వెళుతున్నారు. మొన్న ఆదివారం మా పెదనాన్నగారి మనుమడు సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించాడు. మణికట్టులో సన్నని గొట్టం పెట్టి నానో మందు ఎక్కించగానే, అది గుండె దగ్గరి పూడికను వెతుక్కుంటూ పోయి, కొవ్వును సబ్బుతో కడిగినట్లు కడిగివేస్తుందని అందులో బొమ్మలు వేసి చూపారు.

అది చూసిన నాటి నుంచి మా బావమరిది భార్య ఒకే మాట అడుగుతోంది: "మణికట్టు నుంచి గుండె దాకా దారి ఎలాగూ తెరిచారు కదా అన్నయ్యా, ఆ దారిలోనే మందు పోస్తే పోయేదానికి లోపల లోహం ఎందుకు పెట్టారు, ఏడాది పాటు ఇన్ని మాత్రలు ఎందుకు రాశారు?" ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు దీనికి సమాధానం తెలియలేదు. ప్రశ్న మాత్రం తెలివితక్కువ ప్రశ్న కాదనిపించింది. తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

నిర్వాహకుడు, సోమవారం రాత్రి 8.55

మంచి ప్రశ్న. సభ్యులు ఆసుపత్రుల పేర్లు, వైద్యుల పేర్లు రాయవద్దు. ఎవరి మాత్రలనూ ఇక్కడి రాతలను బట్టి మార్చుకోవద్దు. మిగిలినదంతా స్వేచ్ఛగా చర్చించవచ్చు.

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), సోమవారం రాత్రి 10.20

మాస్టారు, మీ చెల్లెలు వరుస ఆవిడ అడిగిన ప్రశ్ననే యాభై ఏళ్ల కిందట పెద్ద పెద్ద హృద్రోగ నిపుణులు కూడా అడిగారు. సమాధానం చెప్పడానికి ముందు మనం వాడే 'పూడిక' అనే మాటను కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. పూడిక అనగానే కాలువ అడుగున పేరుకున్న ఒండ్రు మనకు గుర్తుకు వస్తుంది, కనుక గట్టిగా నీళ్లు వదిలితే కొట్టుకుపోతుందని అనుకుంటాము. గుండె ధమనిలో జరిగేది అది కాదు. కొవ్వు పేరుకునేది రక్తం పారే దారిలో కాదు, ధమని గోడ లోపల, లోపలి పొర కింద. ఆ కొవ్వు చుట్టూ తెల్ల రక్తకణాలు చేరుతాయి, కండర కణాలు పెరుగుతాయి, పీచు పదార్థం అల్లుకుంటుంది, కాలం గడిచే కొద్దీ సున్నం కూడా చేరుతుంది. గోడ ఉబ్బి దారి ఇరుకవుతుంది. తేమ పట్టిన గోడకు పైన నీళ్లు పోసి కడిగితే లోపలి ఉబ్బు పోదు కదా, ఇదీ అంతే.

కడిగితే పోయేది వేరొకటి ఉన్నది: రక్తపు గడ్డ. గోడలోని ఆ ఉబ్బు ఒకనాడు పగిలినప్పుడు దానిపైన రక్తం గడ్డకట్టి దారి మొత్తం మూసుకుపోతుంది; గుండెపోటు అంటే చాలావరకు ఇదే. గడ్డను కరిగించే మందులు ఉన్నాయి. 1979లో జర్మనీలోని గోటింగెన్‌లో పీటర్ రెంట్రాప్ అనే వైద్యుడు గుండెపోటు వచ్చినవారి గుండె ధమనిలోకే సన్నని గొట్టం పంపి, స్ట్రెప్టోకైనేజ్ అనే మందును గడ్డ ముందరే వదిలి, మూసుకున్న ధమని తెరుచుకోవడాన్ని ఎక్స్‌రే తెర మీద చూశాడు. మీ ఇంట్లో అడిగిన పద్ధతి సరిగ్గా ఇదే. అయితే కొన్నేళ్లలోనే ఆ పద్ధతి వెనుకబడింది. 1986లో ఇటలీలో 11,000 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో అదే మందును మామూలుగా చేతి సిరలోకి ఎక్కించినా మరణాలు తగ్గుతాయని, ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మేలని తేలింది. గొట్టం పంపగల నిపుణుడు వచ్చి, యంత్రం సిద్ధమై, ధమనిని వెతికి పట్టే లోపల గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. సిరలోకి సూది అయితే పది నిమిషాల పని. దగ్గరగా వేయడం కంటే త్వరగా వేయడం గెలిచింది.

ఇక ప్రవాహం మాట. గుండె కండరానికి ధమనుల ద్వారా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అందులో వదిలిన మందు కొద్ది గుండెచప్పుళ్లలోనే కండరాన్ని దాటి, సిరల్లోకి దిగి, మళ్లీ గుండె కుడి గదికి చేరి, అక్కడి నుంచి ఒళ్లంతా తిరుగుతుంది. అంటే మొదటి చుట్టు ఒక్కటే 'నేరుగా', తరువాతివన్నీ మామూలే.

పర్లాకిమిడి రైతు, మంగళవారం ఉదయం 6.15

అయ్యా, మీరు రాసింది చదివాక నాకు మా పొలం పని గుర్తుకు వచ్చింది. పారుతున్న కాలువలో యూరియా చల్లేవాడిని ఊరంతా నవ్వుతుంది. మడవ కట్టి నీరు ఆపి, మడిలో కదలకుండా చేసి చల్లితేనే వరి వేళ్లకు అందుతుంది. లేకపోతే కింది రైతు చేనికి పోతుంది, అదీ కాకపోతే వంశధారలో కలుస్తుంది. గుండెలో మడవ కట్టే ఉపాయం ఏదీ లేదా?

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), మంగళవారం మధ్యాహ్నం 1.30

ఉన్నది, మీరు అడిగిన తీరులోనే ఉన్నది. మాస్టారి బావమరిదికి వేసిన స్టెంటే ఆ మడవ.

1977 సెప్టెంబరులో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న రోగి గుండె ధమనిలోకి చిన్న బెలూను పంపి, ఉబ్బించి, ఇరుకు దారిని వెడల్పు చేశాడు. దారి తెరుచుకుంది కానీ ఉబ్బిన గోడ దెబ్బతిని, మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ ఇరుకైన ధమనులు చాలా కనిపించాయి. ఉత్త బెలూనుతో ముగ్గురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువమందికి తిరిగి సన్నబడేవి. 1986లో లోహపు జల్లెడ గొట్టం, అంటే స్టెంటు, మనుషుల గుండె ధమనుల్లో పెట్టడం మొదలయింది. గోడ కుంగిపోకుండా అది ఆపింది. అయితే లోహం ఒరుసుకున్న చోట గోడలోని కండర కణాలు మచ్చ కట్టినట్లు పెరిగి, జల్లెడ సందుల్లోంచి లోపలికి వచ్చేవి. ఆ పెరుగుదలను ఆపే మందు మింగించవచ్చు కదా అంటే, ఒళ్లంతా తగిలే మోతాదులో ఇస్తే వ్యాధినిరోధక శక్తి దెబ్బతింటుంది. కనుక మందును లోహం మీదే పూత పూసి, పూతలోంచి వారాల తరబడి కొద్దికొద్దిగా గోడలోకి ఊరేటట్లు చేశారు. 1999 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఎడువార్డో సౌజా బృందం సిరోలిమస్ అనే మందు పూసిన స్టెంటును మొదటిసారి మనుషులకు అమర్చింది. 2003లో అమెరికా అనుమతి ఇచ్చింది.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను, మాస్టారికి నచ్చుతుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి ఇదే సిరోలిమస్‌ను రోజుకు 2 మిల్లీగ్రాముల మోతాదులో, నెలల తరబడి మింగిస్తారు. ఆ మొదటి తరం స్టెంటులో 18 మిల్లీమీటర్ల పొడవుదానిపై పూసిన మందు మొత్తం 200 మైక్రోగ్రాములకు లోపే (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). అంటే ఒక్క రోజు మాత్రలో పదో వంతు కూడా కాదు. అది కూడా ఒక్కసారే. ఒళ్లంతటికీ ఇస్తే తట్టుకోలేని మందును కావలసిన చోటనే నిలిపితే అంత చిన్న మోతాదు సరిపోతుంది.

సిరోలిమస్ కథ కూడా చెప్పాలని ఉన్నది. 1964లో కెనడా వైద్య బృందం ఈస్టర్ దీవికి వెళ్లి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి అది దొరికింది. దానిని వెలికి తీసినవారిలో ముఖ్యుడు మన దేశంలో చదువుకుని కెనడా వెళ్లిన సురేన్ సెహ్‌గల్. పనిచేసే ప్రయోగశాల మూతపడినప్పుడు ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి ఉంచాడు. అది దాచకపోతే ఈ స్టెంటు ఏ మందుతో వచ్చేదో.

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్ (రాయగడ; ప్రస్తుతం విశాఖ), మంగళవారం రాత్రి 11.05

డ్యూటీ ముగించుకుని ఇప్పుడే చదివాను. సార్ చెప్పినదానికి, క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే గొట్టం పంపి గుండె ధమనులకు చికిత్స చేసే గదిలో, బల్ల పక్కన నిలబడి చూసే మనిషిగా రెండు మాటలు చేరుస్తాను.

నేరుగా ధమనిలోకి మందు వదలడం మాకు రోజూ ఉండే పనే. మణికట్టు ధమనిలో చిన్న తొడుగు గొట్టం పెట్టగానే ఆ ధమని బిగుసుకుపోకుండా నైట్రోగ్లిజరిన్, మరో సడలించే మందు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అందులోంచే ఇస్తాము. అప్పుడు చేయి భగ్గున మండుతుంది. ముందే చెప్పకపోతే రోగులు బెదిరిపోతారు. పెద్దవాళ్లయితే నేను "కారం చేతితో కళ్లు నలుపుకున్నట్టు పది క్షణాలు మండుతుంది తాతా, ఓర్చుకో" అంటాను. స్టెంటు వేశాక కూడా ఒక్కోసారి కింది సన్నని నాళాల్లోకి రక్తం దిగదు. అప్పుడు ఎడినోసిన్ వంటి మందును గుండె ధమనిలోకే వదులుతారు. ఇవన్నీ క్షణాల్లో పని చేసి, క్షణాల్లో పోయే మందులు. పోవడమే మాకు కావాలి కూడా.

మందు పూసిన బెలూను మాత్రం వేరే సంగతి. స్టెంటు వేసినచోట మళ్లీ ఇరుకైతే, లోహం మీద లోహం వేయకుండా, ప్యాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూనును వాడతారు. దానిని పొట్లం విప్పినప్పటి నుంచి మాకు గుండె గుబగుబలాడుతూనే ఉంటుంది. పూతను వేలితో తాకకూడదు, తడపకూడదు, తుడవకూడదు. ధమనిలోకి దిగిన క్షణం నుంచి రక్తం ఆ పూతను కడుగుతూనే ఉంటుంది, కనుక రెండు నిమిషాల లోపల కావలసిన చోటికి చేర్చాలి. ఉబ్బించి ముప్పై నుంచి అరవై సెకన్లు గోడకు అదిమి పట్టాలి. ఆ నిమిషం ధమని మూసుకుని ఉంటుంది కనుక రోగికి ఛాతీలో నొప్పి వస్తుంది. నేను గోడ గడియారం చూస్తూ సెకన్లు బయటికి లెక్కపెడతాను. రోగి నాతోపాటు పెదవులు కదుపుతాడు. ఆ లెక్క నలభై దాటే సరికి ఎన్ని మొక్కులు మొక్కుకుంటారో.

పర్లాకిమిడి రైతు, బుధవారం ఉదయం 5.50

అమ్మా, నిమిషంలో ఊడిపోయే పూత గోడలో ఎలా నిలుస్తుంది?

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), బుధవారం మధ్యాహ్నం 12.45

సిస్టర్ బదులు నేను చెబుతాను. ప్యాక్లిటాక్సెల్‌కు కొవ్వంటే ఇష్టం, నీరంటే పడదు. అందుకే గోడకు తగిలితే అక్కడే ఇంకి, కణాలకు పట్టుకుంటుంది. అది ఒక రకం యూ చెట్టు బెరడులో దొరికిన మందు. దాని అణునిర్మాణాన్ని 1971లో ప్రకటించినవారిలో ఒకరు మన్సుఖ్ వానీ, మన దేశంలో పుట్టినవాడు. అయితే ఉత్త మందును పూస్తే బెలూనుకే అంటుకుని ఉండిపోతుంది, గోడకు వదలదు. కనుక నీటిలో ఇట్టే కరిగే మరో పదార్థంతో కలిపి పూస్తారు. అది కరగగానే మందు విడివడి గోడకు దిగుతుంది. ఇలా తోడుగా కలిపే పదార్థాల్లో ఒకటి ఏదో తెలుసా? యూరియా. కాళ్ల ధమనుల కోసం తయారైన ఒక బెలూనుపై వాడినది అదే. మీ పోలిక నేను అనుకున్నదానికంటే దగ్గరగా వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2018 చివర్లో వెలువడిన ఒక విశ్లేషణ, కాళ్ల ధమనుల్లో ప్యాక్లిటాక్సెల్ పరికరాలు వాడినవారిలో కొన్నేళ్ల తరువాత మరణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పి కలవరం రేపింది. ఎక్కువ కాలం గమనించిన సమాచారం అంతా చేర్చి చూశాక, అటువంటి ప్రమాదానికి ఆధారం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ప్రకటించింది. స్టెంటులో మళ్లీ ఇరుకైన గుండె ధమనికి ఇటువంటి బెలూనును అక్కడ 2024లో మొదటిసారి అనుమతించారు. యూరపులోను, మన దేశంలోను అంతకు చాలా ముందు నుంచే వాడుతున్నారు.

ఛత్రపురం లెక్కలు, బుధవారం రాత్రి 9.30

అందరూ మందు పూసిన స్టెంటును పొగుడుతున్నారు కనుక దాని రెండో వైపు నేను చెబుతాను. ధర సంగతి మొదట. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, పూతలేనిదానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించేదాకా, పూత ఉన్నవి లక్ష రూపాయలు దాటి కూడా అమ్మారు. ఆ తరువాత ధరలు మారాయి కానీ ఆనాటి దోపిడీ తగ్గింది.

అసలు చెప్పదలచుకున్నది ఇది. మా అన్నయ్యకు స్టెంటు వేసిన అయిదో నెలలో పన్ను పీకించవలసి వచ్చింది. ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉన్నది. వార్డులో జాగ్రత్తలన్నీ ఒడియాలో చెప్పారు. అన్నయ్య ఒడియా ధారాళంగా మాట్లాడతాడు కానీ చదివినది తెలుగు బడిలో అయిదో తరగతి, కనుక విన్నదానిలో సగం దారిలోనే మరచిపోయాడు. మందుల దుకాణంలో కుర్రవాడు చీటీ చూసి, "ఈ రెండూ రక్తం పలచన చేసేవి, పన్ను పీకితే రక్తం ఆగదు, ఆపేయండి" అన్నాడు. ఆపేశాడు. పన్ను పీకించుకున్న తరువాత మళ్లీ మొదలుపెట్టాలని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఛాతీ నొప్పి. స్టెంటు లోపలే గడ్డకట్టిందన్నారు. బతికాడు, కానీ గుండె బలం సగానికి పడిపోయింది. ఇప్పుడు ఇంటి మెట్లు ఎక్కలేడు. కావలసిన చోటికి మందు చేర్చామని సంబరపడేవారు, ఆ మందు వల్లనే ఇంత ప్రమాదం ఉన్నదని రోగికి తెలిసే భాషలో ఒక్క ముక్క రాసి ఇవ్వలేరా?

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్ (రాయగడ, ప్రస్తుతం విశాఖ), బుధవారం రాత్రి 10.50

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను, అన్నగారూ. మీరు అడిగింది న్యాయం. నేను మాత్రం ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే తెలుగువారికి మాత్రల పట్టీ వెనుక పెన్నుతో "ఇది గుండె డాక్టరు చెప్పకుండా ఆపకూడదు" అని తెలుగులో రాసి పంపుతున్నాను. అది ఎవరూ నాకు చెప్పిన పని కాదు.

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), గురువారం మధ్యాహ్నం 1.10

ఛత్రపురం మిత్రుని కోపం సరైనదే, శాస్త్రం కూడా ఆయన వైపే ఉన్నది. స్టెంటుపై పూసిన మందు చెడ్డ పెరుగుదలను, మంచి మానుదలను వేరు చేయలేదు. కండర కణాలను ఆపినట్లే, లోహాన్ని కప్పవలసిన లోపలి పలుచని పొరను కూడా ఆలస్యం చేస్తుంది. ఆ పొర కప్పేదాకా రక్తానికి లోహం పరాయిదే, కనుక గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. 2006లో ఈ విషయమై ప్రపంచమంతా పెద్ద వివాదం రేగింది. దాని ఫలితంగానే తీగలు పలుచబడ్డాయి: మొదటి తరం స్టెంటు తీగ మందం సుమారు 140 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే ఇప్పటివి చాలావరకు 60 నుంచి 80 మైక్రాన్లు. పూతలు మెరుగయ్యాయి. అయినా ఆస్పిరిన్‌తో పాటు మరో మాత్రను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు, గుండెపోటు వచ్చి వేసినవారికి ఏడాది, వేయించడానికి కారణం ఇదే. పన్ను పీకడానికి ఆ మాత్రలు ఆపవలసిన అవసరం చాలాసార్లు ఉండదు, పన్నుచోట రక్తం ఆపే ఉపాయాలు దంతవైద్యులకు ఉన్నాయి. ఏది చేసినా గుండె వైద్యుని అడిగిన తరువాతే.

మాస్టారి ఇంట్లో అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం ఇది. మాత్రలు పూడికను కరిగించడానికి రాయలేదు. లోపల పెట్టినదానికి కాపలాగా రాశారు.

గుణుపురం మేనమామ, గురువారం రాత్రి 8.20

గుండె గురించి నాకు తెలియదు. ధమనిలోంచి మందు పంపడం పని చేస్తుందా అన్న మాటకు నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. మా మేనకోడలికి రెండేళ్లప్పుడు, దీపావళి నాడు తీసిన ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిసింది. కంటిలో క్యాన్సరు, రెటినోబ్లాస్టోమా అన్నారు. కన్ను తీసివేయాలేమోనని మా చెల్లెలు మూడు రోజులు అన్నం ముట్టలేదు. తరువాత పెద్ద ఊరిలో, తొడ దగ్గరి ధమనిలోంచి వెంట్రుకవంటి గొట్టాన్ని మెడ మీదుగా కంటికి వెళ్లే ధమని దాకా పంపి, అందులోంచి మందు ఇచ్చారు. నెలకు ఒకసారి చొప్పున మూడుసార్లు. పిల్ల జుట్టు ఊడలేదు, కన్ను నిలిచింది, ఇప్పుడు బడికి వెళుతున్నది. మరి కంటికి పనికివచ్చిన ఉపాయం గుండెకు ఎందుకు పనికిరాదు?

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), గురువారం రాత్రి 11.40

ఈ ప్రశ్న వస్తుందని ఎదురుచూస్తున్నాను. ఆ పద్ధతికి జపాను వైద్యులు దారి వేశారు. కంటి ధమనిలోకే గొట్టం చేర్చి మెల్ఫలాన్ అనే మందును ఇవ్వడం 2006లో న్యూయార్కులో అబ్రామ్‌సన్, గోబిన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. పిల్లలకు ఇచ్చే మోతాదు కొద్ది మిల్లీగ్రాములే.

దీనికి ఒక లెక్క ఉన్నది. ధమనిలోంచి ఇవ్వడం వల్ల వచ్చే లాభం రెండు సంగతులపై ఆధారపడుతుంది: శరీరం ఆ మందును ఎంత వేగంగా తొలగిస్తుంది, ఆ అవయవానికి ఎంత రక్తం పారుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటి కలపండి. శరీరం నిమిషానికి 500 మిల్లీలీటర్ల రక్తాన్ని ఆ మందు నుంచి శుభ్రం చేస్తుందనుకుందాం. నిమిషానికి 10 మిల్లీలీటర్లు పారే సన్నని ధమనిలో ఇస్తే లాభం 51 రెట్లు. 250 మిల్లీలీటర్లు పారే చోట ఇస్తే 3 రెట్లు. కన్ను చిన్న పిల్లకాలువ, గుండె పెద్ద కాలువ. తేడా అంతా అక్కడ.

కాలేయపు క్యాన్సరులో ఇంకో ఉపాయం వాడతారు. ఆరోగ్యమైన కాలేయానికి రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల వైపు నుంచి వచ్చే సిర ద్వారా అందుతుంది, క్యాన్సరు గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది. కనుక ఆ ధమనిలోంచి మందు పంపి, వెంటనే ఆ కొమ్మను మూసివేస్తారు. మందును మోసుకుపోయే నూనె గసగసాల నూనెకు అయోడిన్ పట్టించినది. రైతుగారి భాషలో మడవ కట్టడం అంటే ఇదే, పూర్తిగా. అయితే గుండెలో ధమనిని మూసివేసే పని పెట్టుకోలేము కదా! అందుకే గుండె దగ్గర ప్రవాహాన్ని ఆపకుండా, మందును గోడకు అతికించే దారి వెతికారు.

గుండె ధమనిలోకే మందు వదిలితే మేలని ఈ మధ్య కూడా ప్రయత్నించారు. గుండెపోటు రోగుల్లో గడ్డకట్టడాన్ని అడ్డుకునే అబ్సిక్సిమాబ్‌ను సిరలోకి ఇవ్వడానికి బదులు గుండె ధమనిలోకి ఇచ్చి 2,000 మందికి పైగా రోగుల్లో పోల్చితే, 2012లో వెలువడిన ఫలితంలో ప్రధాన లెక్కలో తేడా కనిపించలేదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్‌ను కొద్ది మోతాదులో అలాగే ఇచ్చి చూసిన 2019 నాటి పరీక్షలోనూ అనుకున్న మేలు రాలేదు.

జయపురం పరిశోధక విద్యార్థిని, శుక్రవారం సాయంత్రం 6.30

సార్, నమస్కారం. నేను రసాయన ఇంజనీరింగులో సూక్ష్మరేణువులపై పని చేస్తున్నాను. మాస్టారు చెప్పిన వీడియో పూర్తిగా గాలిలోంచి పుట్టినది కాదని చెప్పాలి, అయితే అందులో చూపినంత దూరం ఎవరూ రాలేదు.

2012లో హార్వర్డ్ పరిశోధకులు ఒక చక్కని ఆలోచన ప్రచురించారు. ఇరుకైన ధమనిలో రక్తం దూసుకుపోతుంది, కనుక అక్కడ ఒరిపిడి బలం మామూలు ధమనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సుమారు 180 నానోమీటర్ల రేణువులను, ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాల) పరిమాణంలో ముద్దగా కట్టి పంపితే, మామూలు నాళాల్లో ముద్ద చెదరదు. ఇరుకులోకి రాగానే ఒరిపిడికి విడిపోయి, రేణువులు గడ్డకు అంటుకుని మందు పని చేస్తుంది. మడవ కట్టనక్కరలేదు, ఇరుకే తాళంచెవి. ఎలుకల్లో తక్కువ మోతాదుతోనే గడ్డలు కరిగాయి. కానీ గమనించండి, కరిగినది గడ్డే, గోడలోని కొవ్వు కాదు.

గోడ లోపలికి చేరడం చాలా కష్టం. రక్తంలోకి ఏ రేణువును పంపినా కాలేయం, ప్లీహం దానిని పట్టి మింగుతాయి. మా ప్రయోగశాలలో వారాల తరబడి రేణువులు చేసి, ఎలుకలో పెట్టి, చివరికి ఎక్కడ చేరాయని చూస్తే మెరుపంతా కాలేయంలోనే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మా గైడు మాత్రం నవ్వి, "కాలేయానికి మందు చేస్తే నువ్వు గెలిచేదానివి" అన్నారు.

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), శుక్రవారం రాత్రి 9.15

మీ గైడు నవ్వుతూ అన్నా, చరిత్ర అలాగే నడిచిందమ్మా. ధమనుల రక్షణకు నేటి వరకు బాగా గెలిచిన గురిపెట్టిన మందులు ధమనికి కాక కాలేయానికి గురిపెట్టినవే. మనం మింగే స్టాటిన్ మాత్రలోని మందును కాలేయం మొదటి చుట్టులోనే చాలావరకు పట్టుకుంటుంది, అక్కడే కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది. ఇన్‌క్లిసిరాన్ అనే కొత్త మందును కాలేయ కణాలు మాత్రమే గుర్తుపట్టే ఒక చక్కెర గుర్తుకు అతికించి చేశారు. చర్మం కింద వేసిన సూదిమందు కాలేయానికి చేరి, చెడ్డ కొలెస్టరాల్‌ను సుమారు సగానికి తగ్గిస్తుంది. మొదటి రెండు సూదుల తరువాత ఆరు నెలలకు ఒకటి చాలు. రక్తంలో కొవ్వు బాగా తగ్గితే గోడలోని ఉబ్బు కొంత తగ్గుతుంది, ముఖ్యంగా పగలకుండా గట్టిపడుతుంది. 'కరిగించడం' అనే మాటకు అతి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

ధమని గోడలోని వాపును అణచడానికి ఒళ్లంతటికీ మందు ఇచ్చి చూసినవి కూడా ఉన్నాయి. కానకినుమాబ్ అనే మందును 10,061 మందిలో పరీక్షించి 2017లో ప్రకటించారు. గుండెపోట్లు తగ్గాయి, కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కూడా కొద్ది మోతాదులో గుండె రోగులకు ఇచ్చి చూశారు. 2018 నాటి ఫలితంలో గుండెకు మేలు కనిపించలేదు. కొల్చిసిన్ మాత్రం రోజుకు అర మిల్లీగ్రాముతో మేలు చూపి, 2023లో అమెరికాలో అనుమతి పొందింది. మన కొండల్లో పూసే నాభి దుంపలోనూ ఇదే విషం ఉన్నది కనుక గట్టిగా చెబుతున్నాను, ఎవరూ ఆ దుంప జోలికి పోవద్దు. అర మిల్లీగ్రాము మందు, దుంప ముక్క మృత్యువు.

జయపురం పరిశోధక విద్యార్థిని, శుక్రవారం రాత్రి 9.50

మరొక్క మాట. మా జయపురం నుంచి సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా విశాఖ చేరడానికి అయిదారు గంటలు పడుతుంది. మా నాన్నగారి స్నేహితుడు నొప్పి మొదలయ్యాక "అక్కడ నేరుగా బెలూను వేస్తారట" అని దగ్గరి ఆసుపత్రిలో సూదిమందు వద్దని కారెక్కారు. అది సరైనదేనా సార్?

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), శుక్రవారం రాత్రి 10.25

కాదు. ధమని పూర్తిగా మూసుకున్న గుండెపోటని ఈసీజీలో తేలి, బెలూను వేసే చోటికి 120 నిమిషాల లోపల చేరడం కుదరకపోతే, వేరే అడ్డంకులు లేనివారికి దగ్గరలోనే గడ్డ కరిగించే సూదిమందు వేయించి, ఆ తరువాత బయలుదేరాలని ప్రపంచమంతా పాటించే నియమం. టెనెక్టెప్లేస్ అయితే బరువును బట్టి ఒకేసారి సిరలోకి ఇచ్చే మందు. మొదటి గంటల్లో వేసిన సూదికి ఉన్న విలువ ఘాట్ రోడ్డు కింద ఎదురుచూసే యంత్రానికి ఉండదు. 1986లో ఇటలీవారు తేల్చినది మన సుంకి మలుపుల దగ్గర కూడా అంతే నిజం.

బరంపురం మాస్టారు, శనివారం ఉదయం 7.30

అన్నీ చదివి ఇంట్లో వినిపించాను. మా చెల్లెలు వరుస ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. మడవ మాట దగ్గర ఆవిడకు సంగతి అర్థమైపోయింది. ఛత్రపురం వారి అన్నగారి కథ విన్నాక మా బావమరిది తనంతట తానే లేచి, క్యాలెండరులో ఏ నెల దాకా ఆ రెండు మాత్రలు ఆపకూడదో తెలుగులో ఎర్ర సిరాతో రాసుకున్నాడు. ఆసుపత్రివారు ఇచ్చిన చిన్న కార్డు ఒకటి పెట్టెలో దొరికింది. దాని మీద మందు పేరు సిరోలిమస్ కాదు, ఎవెరోలిమస్ అని ఉన్నది. ఇది వేరే మందా? స్టెంటులో అది ఎన్నాళ్లు ఉంటుంది?

ఔషధశాస్త్ర అధ్యాపకుడు (కోరాపుట్), శనివారం ఉదయం 9.05

దాని తమ్ముడే మాస్టారు. సిరోలిమస్ అణువుకు ఒకచోట చిన్న మార్పు చేసి తయారు చేసినది, పని చేసే తీరు అదే. ఎక్కువగా వాడే ఎవెరోలిమస్ స్టెంటులో మందు నెల రోజుల్లో సుమారు 80 శాతం, నాలుగు నెలలకు దాదాపు అంతా గోడలోకి దిగిపోతుంది. ఆ తరువాత లోపల ఉండేది లోహం, పలుచని పూత. కార్డును మాత్రం పారవేయవద్దు, ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట అదే చూపించమనండి.

బరంపురం మాస్టారు, శనివారం ఉదయం 9.20

రేషను కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులోనే పెట్టించాను. వెనుక చీటీ మీద సిస్టర్ గారి వాక్యం తెలుగులో, దాని కింద ఒడియాలో రాయించి అంటించాము.